జామాకు పరీక్ష

బోరు దింపేటప్పుడు నేను నీళ్లకోసం చూడను.
మట్టి రంగు చూస్తాను.

పై ఆరడుగులూ ఎరుపు, ఇంకా గాలి తగులుతున్న తుప్పు.
పన్నెండు దగ్గర పసుపు ఇసుక.
ఇరవై దాటాక గొట్టం బూడిదరంగు కక్కుతుంది.
ముప్పై దగ్గర నలుపు, మురిగిన గుడ్డు కంపు.
అందులోంచి ఎప్పటిదో మడ ఆకొకటి వచ్చింది,
ఈనె చెడకుండా.
మా కుర్రాడు ఏలియా ముక్కు మూసుకున్నాడు.
నేను దాన్ని జేబులో వేసుకున్నాను.

కాకినాడ కాలేజీ నుంచొచ్చిన హేమనళిని గారు
గొట్టంలో మట్టిని చాకుతో నిలువునా చీల్చి
నాకు తెలిసే భాషలోనే చెప్పింది.
ఎగువన నల్లరాతి కొండలు అరుగుతాయి.
ఆ రాతిలోని ఇనుము తుప్పై
ఒండ్రు రేణువుకి చొక్కా తొడుగుతుంది.
చొక్కా జేబులో రవ్వంత ఆర్సెనిక్.
గోదారికి ఆ బరువు తెలీదు.
ఉప్పునీరు తగిలిన చోట
రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని కూలబడతాయి.
అలా కూలబడిందే మా లంక.

ఆపైన ఆకులు కుళ్లుతాయి, అడుగున గాలి అయిపోతుంది.
కంటికానని పురుగులు తుప్పునే పీల్చి బతుకుతాయి.
చొక్కా కరుగుతుంది.
జేబులోది నీళ్లలో పడుతుంది.

"పాషాణం అండీ మా భాషలో" అన్నాను.
రాయికీ అదే పేరు, విషానికీ అదే పేరు.
ఆవిడ రాయడం ఆపి నావంక చూసింది.

సూరాయమ్మ గారి బోరు నీళ్లు కొట్టగానే తేటే.
పొద్దుగూకేసరికి బిందె అడుగున ఎర్రమడ్డి.
ఆ నీళ్లతో టీ నలుపు, ఉతికిన పంచె పసుపు.
జామాకు నలిపి వేస్తే గ్లాసు నేరేడుపండు.
ఇనుము ఉన్నట్టు. మా అయ్య నేర్పిన పరీక్ష ఇదొక్కటే.
రెండోదానికి రంగూ వాసనా రుచీ లేవు,
దాన్ని పట్టే ఆకు ఏ దొడ్లోనూ లేదు.

"రాత్రంతా నిలవుంచి పైతేటే వంచుకుంటానమ్మా" అంది సూరాయమ్మ గారు.
మంచిదే అంది ఆవిడ. గాలి తగిలితే ఇనుము మళ్లీ తుప్పవుతుంది,
పోతూ పోతూ దాన్నీ జేబులో వేసుకుంటుంది, కొంత.
ఎంత అని అడిగాను.
సీసా లేబులు మీద తారీకు వేస్తూ
"నెల పడుతుందండీ" అంది.

సూరాయమ్మ గారు మడ్డినీళ్లు
బచ్చలిపాదు మొదట్లో పోసింది.
రోజూ అక్కడే పోస్తుంది.
నేను చూశాను. ఆవిడా చూసింది.

నీరు పల్లమెరుగంటారు.
ఆ రోజు కూలి తీసుకుని ఇంటికొచ్చి చొక్కా విప్పితే
ఎండిన ఆకు చుట్టూ
జేబు గుడ్డ ఎర్రబడి ఉంది.
మా ఆవిడ రెండుసార్లు ఉతికింది.