బోర్డు దింపిన రోజు

బోర్డు దింపమన్నారు.
నాలుగు మేకులు. మూడు తేలిగ్గానే ఊడాయి,
నాలుగోది ఉప్పుగాలికి తుప్పెక్కి
గోడ పెచ్చుతో సహా వచ్చింది.

బార్ కౌన్సిల్ ఉత్తర్వు పదకొండు పేజీలు.
దుష్ప్రవర్తన అన్న మాట ఆరు చోట్ల,
మంగాయమ్మ పేరు రెండు చోట్ల,
అందులో ఒకటి తప్పు.

కొబ్బరి లారీ కింద పోయిన మొగుడికి
కోర్టు కట్టిన ఖరీదు నాలుగు లక్షల ఇరవై వేలు.
మూడేళ్లు ఆమె లంక నుంచి పంటు దాటి వచ్చి
వాయిదా అన్న మాట కొంగున ముడేసుకుని వెళ్ళేది.
డబ్బు అప్పటికే చయనులు గారి రొయ్యల చెరువులో
మీసాలు మొలిచి ఈదుతోంది.

ఇవాళ రాజోలు బార్ రూములో
ఆయన కుర్చీని ఎవరో ఫ్యాను కిందికి లాక్కున్నారు.
నల్లకోటు నా చేతికిచ్చి
"ఇస్త్రీ చేయించి ఉంచరా" అన్నారాయన.

ఉత్తర్వులో నా పేరు లేదు.
తెల్లకాగితం మీద ఆమె బొటనవేలు
పట్టుకుని నొక్కింది నేనే.
"ఇదేంటి బాబూ" అంటే
"రసీదేలే అమ్మా" అన్నదీ నేనే.
ఆ సిరా పెట్టె సొరుగులో ఇంకా తడిగానే ఉంది.

పొద్దున్న లంక నుంచి కబురొచ్చింది:
కాగితమేదో వచ్చిందట,
చదివి చెప్పడానికి
గుమస్తా గారు రావాలట.