నోరు మంచిదైతే

ఆక్రింగ్టన్‌లో మంగళవారం. వాన.
ఎనిమిది నెలలు ఫోను పట్టుకుని కూర్చుంటే
దొరికిందమ్మా ఈ అపాయింట్‌మెంటు, అంటూ వచ్చింది
ఐవీ హెవిట్సన్, ఎనభై ఏడేళ్ళు.
గొడుగు తలుపు దగ్గర పెట్టింది.
మునిమనవడు ఆమె రెయిన్‌కోటు అంచు పట్టుకుని వదలడు.

వాడు కల్లమ్. ఆరేళ్ళు. నోరు తెరవడు.
పెదాలకి తాళం వేసుకుని
సీలింగుకి నేనంటించిన తాబేళ్ళని లెక్కపెడుతున్నాడు.
ఉన్నది ఒక్క తాబేలే.

రాత్రి పక్కలో ఏం తాగుతావు నాయనా?
స్క్వాష్. ఊదారంగుది.
తాగాక?
నిద్ర.

ఆ రెండు మాటల సందులోంచి చూశాను.
వెనక పాలపన్ను ఒకటి పిప్పి.
పక్కది కూడా
ఆ దారిన పోదామా అని ఆలోచిస్తోంది.

పదిహేనేళ్ళుగా ఈ ఊరి పళ్ళు గీకుతున్నాను.
పూటపూటా తోమితే పోయేది పాచి,
రేపు చూద్దాంలే అంటే గట్టిపడి కూర్చునేది గార.
ఎన్ని బొమ్మలు చూపించి ఇంగ్లీషులో చెప్పినా
నాకు మాత్రం శాస్త్రమంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.
ఇంకొకటి:
చిగుళ్ళలో చిగురు ఉంది.
అంట్లు తోమినట్టు బరబరా రుద్దుకుని
నెత్తురొస్తోందని వచ్చేవాళ్ళకి
ఈ మాట ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలీదు.
లేతాకు మీద దుమ్ము తుడిచినట్టు, అంటాను.
తల ఊపుతారు. మళ్ళీ బరబరా.

ఐవీ కుర్చీ ముందుకు జరుపుకుంది.
"నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, పెళ్ళికి ముందు,
మా నాన్న ఒక కానుక ఇచ్చాడు.
పైవీ కిందవీ, ఒక్క పూటలో, అన్నీ పీకించాడు.
పుచ్చినవి రెండే.
అప్పట్లో మా వీధిలో అదే మర్యాద,
ఇక జన్మలో పంటినొప్పి ఉండదని.
పెళ్ళి ఫోటోలో నోరు మూసుకునే నవ్వాను.
నొప్పి లేదు, నిజమే.
ఆపిల్ కూడా లేదు."

పళ్ళున్నప్పుడు శనగల్లేవు అనే సామెత
నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.

అప్పుడామె బొటనవేలితో ఒక్క పట్టు పట్టి
కట్టుడు పళ్ళు రెండు వరసలూ తీసి
నా ట్రేలో పెట్టింది.

కల్లమ్ నోరు వెళ్ళబెట్టాడు.
ఇంతకాలం ఆ మాట ఊరికే వాడుతున్నానని
అప్పుడు తెలిసింది.
ఇరవైకి ఒకటి తక్కువ, అన్నీ కనిపించాయి.

"నేను తోమొచ్చా?"

సింకులో నీళ్ళు నింపాను, జారితే పగలకుండా.
వీటికి పేస్టు వద్దు, సబ్బు చాలు అన్నాను.
నీలం ఇసుక గడియారం తిప్పాను.
రెండు నిమిషాలు.
ముత్తవ్వ పళ్ళు వాడి చేతిలో
పట్టుబడిన చేపలా జారుతున్నాయి.
ముందువైపే రుద్దుతున్నాడు.
కనబడేవి అందరూ తోముతారు, కల్లమ్.
వెనక్కి వెళ్ళు. నాలుక వైపు.
అక్కడ ఎవరూ చూడరు, అందుకే.

ఇసుక అయిపోయింది.
ఇప్పుడు నీవి, అన్నాను.
తెరిచాడు.

అరటిపండు వాసనొచ్చే వార్నిష్ పూశాను.
పిప్పిపంటికి వచ్చే బుధవారం రాశాను.
రాత్రి తోమాక ఉమ్మెయ్యి, పుక్కిలించకు,
ఆ తర్వాత మంచినీళ్ళే.
"శనివారం కూడానా?"
శనివారం కూడా.

ఐవీ ఇంకా పళ్ళు పెట్టుకోలేదు.
మెత్తబడ్డ మాటలతో, వాడికి వినబడకుండా,
"ఆ స్క్వాష్ పోసేది నేనే" అంది.
"ఏడుస్తాడని."
ఏమనాలో తోచక
ఆమె పళ్ళు మళ్ళీ ఒకసారి కడిగి ఇచ్చాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
ఈ ఊళ్ళో నాలుగు వందల నోళ్ళు
మా రిజిస్టర్లో వంతు కోసం చూస్తున్నాయి.

సాయంత్రం బస్సులో కోటు జేబు తడిమితే
చారల పిప్పరమెంట్లు, చిన్న పొట్లం.
ఎప్పుడు పెట్టిందో మహాతల్లి.

ఒకటి బుగ్గన పెట్టుకున్నాను.
ఇల్లు చేరేదాకా
నాలుకతో వెనకవైపు తడుముకుంటూనే ఉన్నాను.