నాలుగు గుంటల బొమ్మలు

సాగర్ కట్ట అప్పటికింకా సగమే లేచింది.
హిల్ కాలనీ కింద రేకుల షెడ్లల్ల మేము.
మా నాయన రాళ్లు మోసేటోడు,
లతీఫ్ సాబు పాత కాగితాలు తూకానికి కొనేటోడు.

క్రేను బాగుచేయ వచ్చిన దొర ఒకడు
పోతూ పోతూ గెస్ట్‌హౌసుల ఇడిచిన బొత్తి
పాలపొడి డబ్బాల కింద నలిగి నలిగి
ఆయన తక్కెట్లకు వచ్చింది.
రెండు శేర్ల ఐదు ఛటాకుల అమెరికా.

పొట్లానికొక తావు చింపేది సాబు.
పల్లీలు నోట్లెకు, కాగితం అంగీ లోపలికి,
నేనూ సైదులూ.

మాకు ఇంగిలీషు రాదు.
సలికాలం పొద్దుగాల మాట్లాడినట్టు
బొమ్మల మనుషుల నోట్లకెల్లి తెల్లటి బుగ్గలు.
వాటిల మాటలు మేమే పోసేది.
ఎగిరేటోనితోని సైదులు మా యాసల్నే తిట్టించేటోడు:
"కట్ట తెంపుతావుర? నీ తాత మోసిండా రాళ్లు?"

అట్ట మూలకు పది అని అంకె,
పక్కన కొడవలి, దాన్ని నిలువునా కోసిన గీత.
గుంటూరు దిక్కు నుంచొచ్చిన గుమస్తా చూసి
"పది సెంట్లు" అన్నడు, నవ్వుకుంట లెక్కగట్టిండు,
"మీ కొలతల నాలుగు గుంటలు."
మా నాయన పుస్తకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.
గుంట భూమి లేనోడు.
"దీనికి నీళ్లొస్తయా?" అన్నడు.

అందరికీ ఎగిరేటోడే కావాలె.
ఎగిరేటోనికి మూడు గోటీలు, ఒక జామకాయ.
గుర్రమోనికి రెండు గోటీలు.
దయ్యాలకు ఒకటి, అదీ పగటిపూటనే.
స్తంభాలెక్కేటోనికి ఏమీ రాదు.
వాణ్ని ఊరికెనే ఇచ్చిండు నాకు సైదులు.

బట్టతల. కండల్లేవు. ముసుగు లేదు.
దేవరకొండ దిక్కు నేల లెక్కనే బీడు,
గాలికి తెగిన టెలిఫోను తీగ,
ఆ చివర ఒక ముసలామె, ఈ చివర ఒక ముసలామె,
ఇద్దరి చెవులకూ ఫోన్లు, ఇద్దరూ ఊకున్నరు.
ఎనిమిది పేజీలల్ల వాడు ఎవ్వన్నీ కొట్టడు.
ఎక్కుతడు. అంతే. ఎక్కుతనే ఉంటడు.

అచ్చు తప్పి, అంగీల ఉండాల్సిన ఎరుపు
నూలుపోగంత పక్కకు జరిగి
భుజం అవతల గాలిల నిలబడ్డది.
కన్ను ఆనించి చూస్తే మొఖమంత చుక్కలు,
అమ్మవారు పోసి పోయినట్టు.
మా నాయన మొఖం సుత అట్లనే ఉండె.
అందుకే కావచ్చు, పారెయ్యలే.

ఆఖరి తావు లేదు.
కొన్ని రాత్రులు పిడుగేసిన వాని మీద.
కొన్ని రాత్రులు తీగ కలిపించిన.
ఒక రాత్రి, నాయన కాలు మీద రాయి పడ్డ రాత్రి,
వాణ్ని స్తంభం మీదనే ఇడిచి పండుకున్న.

కట్ట అయిపోయింది, షెడ్లు పీకిన్రు.
సైదులోళ్లు మర్రిగూడ దిక్కు పోయిన్రు.
అక్కడి బోరింగు నీళ్ల సంగతి మీకెరికే.

ముప్పయ్యారేండ్లకు పోయి కలిసిన.
మెడ తిరగదు వానికి, పిలిస్తే
మనిషి మనిషంత తిరుగుతడు, తలుపు తిరిగినట్టు.
"ఎగిరేటోడు ఉన్నడా?" అన్న.
"చెదలు తిన్నయి," అన్నడు.
జెరసేపు ఆగి, మనుమరాలితోని రేకుపెట్టె తెప్పిచ్చి
పల్లినూనె మరకల కాగితం ఒకటి తీసిండు.
"ఊరికెనే ఇచ్చినా అని మనసు కొట్టుకున్నది.
అందుకే ఇది చింపుకున్న. చెప్పలే."

ఆఖరి తావు.
అందుల వాడు స్తంభం దిగిండు.
తీగ కలిసిందో లేదో వాళ్లు గియ్యలే.
రేకుడబ్బా మీద కూసున్నడు, అరచేతులు చూసుకుంటుండు,
నోట్లకెల్లి చిన్న బుగ్గ, అందుల రెండే మాటలు.

ఇప్పుడు నాకు ఇంగిలీషు కొద్దిగొస్తది.
చదవలే.
"ఏమంటుండు సైదులూ?"
కాగితాన్ని కండ్ల కాడికి ఎత్తి పట్టుకున్నడు, వంగరాదు కద,
"నీళ్లున్నయా, చేతులు కడుక్కుంట, అంటుండు."