తొంభై ఆరు గుంటలు

పెదజాలారిపేటకి తెల్లారకముందే వెళ్లాలి.
పడవలు ఒడ్డెక్కాక ఎవరి చెయ్యీ ఖాళీ ఉండదు.
వాళ్ల ఐస్ పెట్టెల్లో చేపలు.
నా ఐస్ పెట్టెలో ఎర్రమూతల గొట్టాలు.

"మాకు జొరమేటీ రాలేదమ్మా,
సముద్రం గాలి తినీవోళ్లని దోమలేటి సేత్తాయి?"
అంటూనే చెయ్యి చాపింది గనగళ్ళ ఎల్లారమ్మ.
రొయ్యలు వలిచి వలిచి మొద్దుబారిన చర్మం,
నరం దొరకడానికి మూడుసార్లు తట్టాను.
మూడు మిల్లీలీటర్లు.
"సేరెడు తీసీసినావు, టీ డబ్బులియ్యి" అంది.

వార్డు రిజిస్టరులో ఈ వీధి పేరుకెదురుగా
పుష్కరం పొడవునా ఒకటే అంకె.
సున్నా.
గుండ్రంగా, శ్రద్ధగా,
అన్నీ ఒకే పెన్నుతో ఒకే పూట రాసినట్టు.

మధ్యాహ్నం కొండవాలు ల్యాబులో
ఏసీ నీళ్లు బకెట్లోకి కారుతుంటాయి
(బకెట్లో ఏం ఈదుతున్నాయో ఎవరికీ చెప్పకండి).
గంజి మీద తేటలా సీరం పైకి తేరుతుంది.
ప్లేటుకి తొంభై ఆరు గుంటలు.
మా వైపు గుంటంటే పిల్ల కూడా.
సరిచూసుకోడానికి నాలుగు పక్కన పెట్టగా
తొంభై రెండు గుంటలు బడిలోలా వరసగా కూర్చుంటాయి,
నోరు మెదపవు.
కడుగుతాను, దులుపుతాను, మళ్లీ కడుగుతాను.
ముందు నీలం వస్తుంది,
ఒడ్డు విడిచి లోపలికి పోయినకొద్దీ వచ్చే నీలం.
ఆఖరి చుక్క పడగానే
పసుపు.

ఎల్లారమ్మది పసుపు.
ఆమె మొగుడిది, తోటికోడలిది,
ఐస్ దిమ్మలు కొట్టే కుర్రాడిది.
మనిషి మర్చిపోయిన జ్వరాన్ని
నెత్తురు అట్టిపెట్టుకుంది.

ఏ యేడాదో మాత్రం చెప్పదు. దానికి క్యాలెండరు లేదు.
అందుకని కాగితాన్ని వయసుల వారీగా సర్దాను.
పదకొండేళ్లు దాటినవాళ్లు దాదాపు అంతా పసుపు,
ఆ లోపు పిల్లలు తెలుపు.
మధ్యలో సన్నటి గీత.
వేలు పెడితే తడి తగిలింది:
తుఫాను పోయాక, కుళాయిలు రాక,
గుమ్మానికొక నీలం డ్రమ్ము నిలబెట్టుకున్న నెలలవి.
నెత్తిమీద రేకే లేనప్పుడు
ఒళ్లు కాలిందని ఎవరు రాయించుకుంటారు?

ఒక్క గుంట అడ్డం తిరిగింది. ఎనభై ఏడోది.
మైలపల్లి నూకరత్నం కూతురు, నాలుగో నెల.
పేరింకా పెట్టలేదంటే "పాప" అని రాసుకున్నాను.
మడమలో పొడిచి తీసిన కాసిన్ని చుక్కలు.
పసుపు.

ఆ పిల్లని దోమ కుట్టలేదు.
తల్లిని కుట్టింది, పదమూడేళ్లప్పుడు, ఆ డ్రమ్ముల కాలంలో.
బొడ్డుతాడు మీదుగా దాటొచ్చిన పుట్టింటి సొమ్ము
అనుకుని ముచ్చటపడ్డాను కాసేపు.
తర్వాత చదువుకున్నది గుర్తొచ్చింది.
డెంగీ విషయంలో అది సొమ్ము కాదు, అప్పు.
కొన్నాళ్లు కాపలా కాస్తుంది,
తరుగుతూ తరుగుతూ
ఏడో నెలకో ఎనిమిదో నెలకో
దొంగకి తనే తలుపు తీయొచ్చు.

మ్యాపులో ఆ వీధికి ఎరుపు పులిమి పై ఆఫీసుకి పంపాను.
"కేసుల్లేనిచోట ఎరుపు ఎందుకు?"
ఒక్క ముక్క జవాబు.

సాయంత్రం కొండ దిగి మళ్లీ వెళ్లాను, సూది లేకుండా.
నూకరత్నం డ్రమ్ము వంచి చూపించాను,
అడుగున మెలికలు తిరిగే నల్లటి వెంట్రుకలు.
"ఒంపేత్తే రేపు నీలెవులిత్తారు?"
నా దగ్గర జవాబు లేదు.
మూతికి పాత వల కట్టబోతే నవ్వింది,
"సేపనాపే కన్నానికి దోమాగుద్దేటి?"
నవ్వుతూనే తన నైలాన్ చీరొకటి చింపి
రెండు మడతలేసి బిగించింది.

పాప నా జేబులో పెన్ను పట్టుకుని వదల్లేదు.
వదిలేదాకా నిలబడి
వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.
ఆషాఢం. శ్రావణం.
భాద్రపదం.