అమ్మకం ధర అన్న గడి

మిరపయార్డుకి శాంపిల్ సంచులు మోసిన కారు.
పదిహేనేళ్ళు తేజ, బ్యాడిగ, మూడు వందల ముప్పైనాలుగు
వెనక సీట్లో దర్జాగా కూర్చుని తిరిగాయి,
మనుషులం ముందు సర్దుకున్నాం.
ఎవరెక్కినా మొదటి పలకరింపు తుమ్మే.
పెళ్ళిచూపులకి పోతూ మా బావమరిది
చుట్టుగుంట దాకా తుమ్మి తుమ్మి
ఎర్రబడ్డ కళ్ళతో దిగితే
పిల్ల మేనమామ పక్కకి పిలిచి అడిగాడట,
అబ్బాయికి ఇష్టం లేదా అని.

ఆటోనగర్ ఖాజావలి బానెట్ ఎత్తి చూశాడు.
నిద్రపోతున్న పిల్లాడి గది తలుపు వేసినట్టు
మెల్లగా దించాడు.
"రెండో గేరు పోయింది. కింద అంతా తుప్పే.
ముప్పై రెండు వేలు. అదీ మీరు కాబట్టి."

తాలుకాయల బస్తాకి కూడా
నేనెప్పుడూ అంత నిర్దయగా ధర చెప్పలేదు.
అందుకే ఇచ్చేశాను.
నిజం చెప్పాలంటే
దయ కంటే ముందు రోషం వచ్చింది నాకు.

అరండల్‌పేటలో సలోమి గారి ట్రస్టు,
కిడ్నీలు చెడినవాళ్ళకి రక్తం కడిగే చోటు.
గోడ మీద పేర్లు, పక్కన ఊళ్ళు:
తాడికొండ, ఫిరంగిపురం, వట్టిచెరుకూరు.
ఆ ఊళ్ళన్నిటికీ నా కారు పోతుందని
ఎవరూ నాతో అనలేదు.
నేనే అనుకున్నాను.

ముందురోజు రాత్రి సీట్లు దులిపితే
కాజా టోల్‌గేటు రసీదులు, ఒక జడ క్లిప్పు,
దోసెడు మిరపగింజలు.
మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకుంటూ
బ్రాడీపేట నాలుగో లైన్లో స్తంభానికి గుద్దిన
ఎడం తలుపు సొట్ట అలాగే ఉంది.
"బాగు చేయించి ఇద్దామా?" అంది భ్రమరాంబ.
ఇచ్చేసేదానికి ఎందుకులే అన్నాను.
ఆ మాట అన్నది నేనే.

ఆర్టీవో ఆఫీసులో గుమాస్తా కాగితం వెనక్కి తోశాడు.
"అమ్మకం ధర గడి ఖాళీగా వదిలితే కుదరదండీ."
అమ్మట్లేదు, ఇస్తున్నాను.
"ఇవ్వడానికి గడి లేదు సార్."
సున్నా చుట్టాను. కింద సంతకం.
అంత పెద్ద సంతకం బ్యాంకులో కూడా పెట్టలేదెప్పుడూ.

మూడు నెలలకి, వేరే పని మీద వెళ్తే
ఖాజావలి షెడ్డులో కొక్కేనికి వేలాడుతోంది
ఎడం తలుపు. సొట్టతో సహా.
"మీదేనండీ. ట్రస్టోళ్ళు అమ్మారు.
ఆవిడ గట్టిది, ముప్పై నాలుగు లాగింది."

దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు.
అది పుచ్చుకున్నవాళ్ళకి చెప్పిన మాట.
ఇచ్చినవాడే వెనకాలే పోయి లెక్కపెడితే
ఏమంటారో నాకు తెలియదు.

దారంతా మాటలు వరసగా పేర్చుకుని వెళ్ళాను.
సలోమి గారు తలెత్తకుండానే పుస్తకం తిప్పి నా వైపు పెట్టారు:
నీళ్ళ మిషను ఫిల్టర్లు రెండు, ఇరవై ఆరు వేలు.
ఫిరంగిపురం నాసరమ్మ ఆటో కిరాయి, నాలుగు నెలలు, ఎనిమిది వేలు.
ఆ పేజీలో ఇంకేం లేదు.
"కారుంటే డ్రైవరుండాలి, పెట్రోలుండాలి సార్.
నీళ్ళు శుభ్రంగా లేకపోతే ఆరు మంచాలూ ఆగిపోతాయి.
మీకు చెబుదామనే అనుకున్నాను,
బాధపడతారని..."

ఆరు మంచాలూ నిండి ఉన్నాయి.
గొట్టాల్లో ఎర్రగా ఏదో పోతూ, వస్తూ.
పేర్చుకున్న మాటల్లో మొదటిది కూడా
దొరకలేదు నాకు.

యార్డు నుంచి నేరుగా వచ్చానేమో,
నా చొక్కా ఘాటుకి
మూడో మంచం పెద్దాయన తుమ్మాడు.
సూది గుచ్చిన చెయ్యి కదపకుండా
మళ్ళీ తుమ్మాడు.
సారీ అండీ అంటూ తలుపు దగ్గరికి జరిగాను.

కారులో అయితే
అద్దం దించేవాణ్ణి.