ఎంత తింటుంది?

ఈవినింగ్ బజార్‌లో మూడో సందు.
వేలాడే గరిటెల కింద తల వంచి లోపలికి పోవాలి.
కాజా భాయ్ ముందు నా కత్తి పెట్టి
"దీనికో తోడు కావాలి" అన్నాను,
"సంచిలో పట్టేది, ఊళ్లు తిరిగేది."

ఆయన కత్తిని చూడలేదు, నా వేళ్లు చూశాడు.
చూపుడువేలి మీద గాటు,
బొటనవేలి చివర ఊడి అతుక్కున్న తోలు.
"మొండికత్తి పని" అన్నాడు.

నిజమే. పదునుది తెగితే సన్నగా తెగుతుంది.
మొండిది జారి, ఆలోచించి, అప్పుడు తెగుతుంది.

నేను కూరలు తరిగే మనిషిని.
మేస్త్రి దశరథన్న ఫోను చేస్తే చాలు
సైదాపేట నుంచి పదకొండుమందిమి కదుల్తాం.
మొన్న గూడూరులో గృహప్రవేశం,
నిన్న తిండివనంలో సీమంతం,
రేపు కుంభకోణంలో పెళ్లి, నాలుగొందల ఆకులు.
ఉల్లిపాయలు నలభై కిలోలు నా వాటా.
ఉల్లి ఏడిపిస్తుందంటారు గానీ
ఏడిపించేది ఉల్లి కాదు,
కోయలేక దాన్ని నలిపే కత్తి.

ఇన్నాళ్లూ ఏ ఊరికి పోతే ఆ ఊరి రాయికే నూరాను.
మండపాల వెనక మెట్లు, పంపు దగ్గర గట్టు,
ఓసారి ఏదీ దొరక్క
కాఫీ కప్పు బోర్లించి దాని అడుగు గరుకు మీద.
కిందటి నెల హోసూరులో అదీ లేదు.
కాగితం కప్పులు, నున్నటి టైల్సు.
మొహం కనపడే నేల,
కత్తికి పనికిరాని నేల.

భాయ్ ఒక్కోటీ గాజుబల్ల మీద పెట్టాడు.

ఎర్ర ప్లాస్టిక్‌ది, పిచ్చుకపిల్లలా నోరు తెరిచి ఉంది.
నోట్లో పెట్టి రెండుసార్లు లాగాను.
గాజు మీద వెంట్రుకల్లా ఇనప రజను రాలింది.
"ఇది ఎంత తింటుంది భాయ్?"
"ఆకలి మీదుంటుంది" అని నవ్వాడు.

తర్వాతది పెన్నంత పింగాణి పుల్ల.
మంచిదే. కిందపడితే రెండు.
అండాలూ బాండీలూ దొర్లే చోట
పింగాణి మొర ఎవడు వింటాడు?

ఇంకోటి మడతపెట్టే పలక.
వజ్రాల పొడి అద్దారట,
నీళ్లక్కర్లేదు, నూనక్కర్లేదు.
ధర విని నేనే మడతపెట్టేశాను.
చెవులకే లేదు భాయ్, కత్తికెందుకు?

అప్పుడు వంగి, కింది అరలోంచి
అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు రాయి తీశాడు.
ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు.
"దీనికి నీళ్లు కావాలి, ఓపిక కావాలి.
ఎంత వాలుగా పట్టాలో నీ మణికట్టే గుర్తుంచుకోవాలి."

కొన్నప్పుడు నా కత్తి నాలుగువేళ్ల వెడల్పు.
ఇప్పుడు రెండు.
పోయిన రెండువేళ్లూ ఏ ఊళ్లో దిగాయో,
ఎవరి సాంబారులో కలిశాయో.
ఏ రాయైనా తింటుంది.
నాకు కావాల్సింది మెల్లగా తినేది.

ఎనభై అన్నాడు, అరవై అన్నాను,
డెబ్భైకి తెగింది.
"కింద తడిగుడ్డ వేసుకో, జారదు" అంటూ
గుడ్డ మాత్రం ఊరికే ఇచ్చాడు.

కత్తి సాయంత్రమే సామాన్ల వ్యానెక్కింది.
ఎగ్మోర్‌లో పోలీసమ్మ నా నడుంసంచి విప్పించింది.
"ఏంటిది?"
"రాయి."
"రాయెందుకు?"
ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?
"నూరడానికి" అన్నాను.
వాసన చూసి ఇచ్చేసింది.

విళుప్పురం దాటాక నిద్రపట్టక
రాయిని తడిపి ఒళ్లో గుడ్డ మీద పెట్టుకున్నాను.
కత్తి లేకుండానే, ఖాళీ చేత్తో,
ముందుకీ వెనక్కీ
మణికట్టుకు ఆ వాలు నేర్పుతున్నాను.

ఎదుటి బెర్తు పెద్దాయన
నేనేదో జపంలో ఉన్నాననుకుని
కాళ్లు ముడుచుకున్నాడు.