తోడు

సురబయాలో మా సందు ఎంత ఇరుకంటే
బండి ఇంజన్ ఆపి, దిగి, నెట్టుకుంటూ రావాలి.
ఆ సందులోకి బు వర్తీనీ
విడిచిన బట్టలేసే చిల్లుల బుట్ట ఒకటి నెత్తిన పెట్టుకొచ్చి
"ఇందులో మీ వంటిళ్లు మాగబెడదాం" అంది.
నవ్వాం.
వాసన మాకేం కొత్తా? పక్కనే కాలువ.

బుట్ట లోపల చుట్టూ పాత అట్టపెట్టె,
అడుగున ఊక కుక్కిన దిండు, పైన ఇంకో దిండు,
దాని మీద నల్లగుడ్డ, ఆపైన మూత.
పసిబిడ్డను పడుకోబెట్టడానికి కూడా
ఇంత హడావిడి చెయ్యం, అన్నాడు మా ఆయన.

మొదటి నెల నా బుట్ట కంపు కొట్టింది.
చేప తలలు, పుచ్చకాయ నీళ్లు, పంతం కొద్దీ అన్నీ వేశాను.
ఆవిడ తిట్టలేదు. మోచేతిదాకా చెయ్యి దింపి
పిడికెడు తీసి పిండింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు.
"కుళ్ళడం వేరు, మాగడం వేరు.
దీనికి ఊపిరాడట్లేదమ్మాయ్" అని
రెండు దోసిళ్ల ఊక పోసి
అడుగుదాకా కలిపించింది, నాచేతే.
మూడోరోజు పొద్దున చెయ్యి పెడితే
జ్వరం తగిలిన నుదురు.

అప్పట్నించి ఊక బస్తా మోస్తూ ఆవిడ వెనక నేనే.
ఇల్లిల్లూ మూత ఎత్తడమే పని.
మూత కింద ఇల్లు అబద్ధమాడదు.
పదకొండో నంబరులో గుడ్డు పెంకులు కనబడటం మానేశాయి:
ఫ్యాక్టరీలో పని పోయింది, ఎవరికీ చెప్పలేదు.
మూలింట్లో ఉన్నట్టుండి అన్నీ పుల్లమామిడి తొక్కలే.
ఆవిడ నావైపు చూసి కళ్లతో నవ్వింది.

పోనిమన్ తాత బుట్టలో
నలభై రోజులకీ అడుగు దిండే కనిపిస్తోంది.
రెండు టీ పొడి ముద్దలు, ఒక సలాక్ పండు తొక్క.
ముట్టుకుంటే రాయిలా చల్లగా.
"మీరు నేర్పింది నేర్పినట్టే చేస్తున్నానమ్మా" అన్నాడు,
లెక్క తప్పిన బడిపిల్లాడిలా.
"ఆవిడ ఉన్నప్పుడు అరటాకులే ఇంత పోగయ్యేవి."

వర్తీనీ దగ్గర పాఠం అయిపోయింది.
మూత పట్టుకునే చాలాసేపు నిలబడింది.
తర్వాత మా ఇంటికెళ్లి, నా బుట్టలోంచి
ఆవిరి లేస్తున్న నల్లమట్టి దోసిట పట్టి తెచ్చి
తాత బుట్టకి తోడు వేసింది.
"ఒక్కరిదైతే వేడెక్కదు తాతా,
రేపట్నించి ఈ అమ్మాయి తొక్కలూ ఇందులోనే" అంది,
నన్ను అడగనైనా అడక్కుండా.

ఇప్పుడు రోజూ చీకటి పడేముందు గిన్నె పట్టుకెళ్తాను.
తొక్కల మధ్య ఒక్కోసారి
తొక్క తియ్యని పండొకటి ఉంటుంది.
ఆయన బుట్టలో వెయ్యబోయి, ఆగి,
"ఇది పొరపాటున వచ్చిందా?" అంటాడు.
పొరపాటే, అంటాను.